దెబ్బలు తీసేస్తే మిగిలే మనిషి

ఆయన ఎడమ చెవిని పోగొట్టింది మీరే. వెనక్కి తిరిగి చూడకండి, మీ వెనక ఎవరూ లేరు, మిమ్మల్నే అంటున్నాను. టికెట్ కొన్నది మీరు. క్యాసెట్ వెనక్కి తిప్పి అదే చెంపదెబ్బని మళ్ళీ మళ్ళీ చూసింది మీరు. పోయిన వారం అదే దెబ్బకి చేతులు జోడించిన బొమ్మ తగిలించి నాకు పంపింది కూడా మీరే.

పోయిన వారం ఆయన చనిపోయారు. హైడెల్‌బర్గ్ ఆస్పత్రిలో, పొద్దున్నే, గుండె ఆగి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఆయన తమిళ సినిమా హాస్యనటుడు. ఒకప్పుడు ఆయన లేకుండా పండగ సినిమా విడుదలయ్యేది కాదు. భార్య పోయాక ఇక్కడ జర్మనీలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చారు. వీసాల మీద వచ్చిపోతూ, చివరికి ఉండిపోయారు. కాగితాలు ఎలా కుదిరాయన్నది వేరే రామాయణం. వాళ్ళు మా పై అంతస్తు. ఆ అమ్మాయి ఫోన్ చేసి "అక్కా, అప్పా పోయిట్టార్" అంది. నాకు తమిళం రాదని తర్వాత గుర్తొచ్చిందేమో, "డాడ్ ఈజ్ గాన్" అని మళ్ళీ చెప్పింది. ఒకే చావుని రెండు భాషల్లో చెప్పడం ఎంత అలసటో ఈ దేశంలో ఉన్నవాళ్ళకి తెలుసు. మూడోసారి జర్మన్‌లో, మరణ ధ్రువపత్రం కోసం, టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకుని మరీ చెప్పాలి.

నేను ట్రామెక్కి ఆస్పత్రికి చేరేలోపు ఫోన్ నిండిపోయింది. హీరో కొడతాడు, ఆయన బొంగరంలా తిరిగి పేడకుప్పలో పడతారు: ఓం శాంతి. హీరో తండ్రి కొడతాడు, ఆయన నీళ్ళతొట్టిలో పడతారు: మిస్ యూ లెజెండ్. హీరోయిన్ చెప్పు తీస్తుంది: మీ నవ్వులు చిరస్మరణీయం. ఒక మనిషి పోయాడని విని, ఆ మనిషిని కొట్టే వీడియో వెతికి నలుగురికీ పంపడం ఏ రకం సంతాపమో నాకు అర్థం కాలేదు. కోపం కూడా సరిగ్గా రాలేదు. కోపానికీ ఓపిక కావాలి.

ఆయన్ని మొదటిసారి కలిసింది మా మెట్ల మీద. కూరగాయల సంచి పట్టుకుని ఎక్కుతున్నారు, నేను చెత్తబుట్ట పట్టుకుని దిగుతున్నాను. మొహం చూడగానే పోల్చుకున్నాను. నల్గొండలో మా చిన్నతనమంతా తెలుగులోకి డబ్బింగు చేసిన తమిళ సినిమాలతోనే గడిచింది. చేతిలో చెత్త ఉందన్న సంగతి కూడా మరిచిపోయి అనేశాను.

"సార్, ఆ సినిమాలో గేదె మిమ్మల్ని పెళ్ళిపందిట్లోకి తరిమే సీను ఉంటుంది చూడండి, మా అన్నయ్యా నేనూ పడీ పడీ నవ్వేవాళ్ళం."

ఆయన ఆగి, కుడి చెవి నావైపు తిప్పారు. "ఏ సినిమా?"

చెప్పాను.

"దాంట్లో గేదె లేదమ్మా."

"ఉంది సార్. నేను చూశాను."

"నేను నటించానమ్మా."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం. తర్వాత ఆయన మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. "తెలుగులో చూసినావా? అయితే ఉంటాదిలే గేదె. మీవోళ్ళు పెట్టుంటారు."

ఆయనకి తెలుగు బాగానే వచ్చు. కోడంబాక్కంలో అవకాశాల కోసం తిరిగే రోజుల్లో నెల్లూరు నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులతో ఒకే లాడ్జి గదిలో ఉండి నేర్చుకున్న తెలుగు. అందులో నెల్లూరు యాసా ఉంది, తమిళమూ ఉంది, తిట్లు మాత్రం రెండు భాషల్లోంచీ ఏరుకున్నవి.

గేదె సంగతి ఆ మెట్ల మీదే తెలిసింది. అప్పట్లో తమిళ సినిమాలో కామెడీ వేరే పొయ్యి మీద వండేవారట. కథ రాసేవాడు ఒకడు, కామెడీ ట్రాకు రాసేవాడు మరొకడు. హాస్యనటుడు తన మనుషుల్ని పోగేసుకుని, తన సీన్లు తనే రాసుకుని, విడిగా షూటింగు చేసుకునేవాడు. తర్వాత వాటిని సినిమాలో అక్కడక్కడా అతికించేవారు. అతికించినవి కాబట్టి ఊడబీకడమూ తేలికే. తెలుగులోకి తెచ్చేటప్పుడు "మన నేటివిటీ కాదు" అని ఆ ట్రాకు మొత్తం పీకేసి, మన కమెడియన్లతో నాలుగు సీన్లు తీసి ఆ ఖాళీల్లో నింపేవారు. గేదె అలా వచ్చింది. గేదె తరిమింది మరెవరినో. నల్లగా, సన్నగా ఉన్న ఇద్దరు మనుషుల్ని నా జ్ఞాపకం ఒక్కడిగా కలిపేసింది.

ఒక్కటి మాత్రం వాళ్ళు పీకలేకపోయారు. హీరో ఆయన్ని కొట్టే షాట్లు. ఎందుకంటే ఆ ఫ్రేములో హీరో ఉంటాడు. హీరోని కత్తిరించే కత్తెర ఇంకా ఏ దేశంలోనూ తయారవలేదు. కాబట్టి తెలుగువాళ్ళమైన మనకి ఆయన రాసుకున్నదేదీ చేరలేదు. ఆయన తిన్న దెబ్బలు మాత్రం ఒక్కటి కూడా తప్పిపోకుండా చేరాయి. ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో అడిగితే నా జవాబు ఇదే. మీకు ఆయన తెలియదు. మీకు ఆయన చెంప తెలుసు.

ఆయన పుట్టింది ఆర్కాటు వైపు ఒక చిన్న ఊళ్ళో. తండ్రి తోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆ వాసన వల్ల బళ్ళో పక్కన ఎవరూ కూర్చునేవారు కాదట. "బెంచీ మొత్తం నాదేనమ్మా, కాళ్ళు చాపుకుని చదువుకున్నా" అనేవారు. ఆ మాట ఆయన హాస్యం కోసమే అనేవారని నేను చాలాకాలం అనుకున్నాను. ఆ ఊరి టెంటు సినిమావాళ్ళు ఒంటెద్దుబండికి మైకు కట్టి ఆయన్ని ఊరంతా తిప్పేవారు. సినిమా పేరు, ఆట వేళలు చెప్పడం ఆయన పని. ఆయన ఊరుకోకుండా కథ కూడా కల్పించి చెప్పేవారు. సినిమాలో లేని సీన్లు వర్ణిస్తే, జనం వచ్చి చూసి, ఆ సీనేదీ అని టెంటువాడితో గలాటా పెట్టుకునేవారు. ఆ ఉద్యోగం అలా పోయింది. తర్వాత నాటకాల కంపెనీ. ఆ తర్వాత మద్రాసు, లాడ్జి, గుంపులో నిలబడే వేషాలు.

పేరు తెచ్చింది ఒక చెంపదెబ్బ. దెబ్బ తినాల్సిన నటుడు ఆ రోజు రాలేదు. ఎవరో ఒకరు నిలబడాలి కదా, ఈయన్ని నిలబెట్టారు. చెయ్యి చెంప మీద నిజంగానే పడింది. పడిపోకుండా, ఆ ఊపుకి ఒక చుట్టు తిరిగి, మళ్ళీ హీరో ఎదుటికే వచ్చి ఆగి, చేతులు జోడించి "వణక్కం" అన్నారు. యూనిట్ మొత్తం నవ్వింది. హీరో కూడా నవ్వాడు, అందుకే ఆ షాటు సినిమాలో మిగిలింది. ఆ రోజు నుంచి ఆయన చెంపకి కాల్షీట్లు మొదలయ్యాయి. పెద్ద హీరో సినిమా అంటే ఆయనకో దెబ్బ ఉండాల్సిందే. పంపిణీదారులే అడిగేవారట. ఇల్లు, కారు, కూతురి చదువు, ఆ చదువు వల్ల వచ్చిన ఈ హైడెల్‌బర్గ్, అన్నీ దాని మీదే. "నా చెంప మీద ఇల్లు కట్టినానమ్మా. పునాది గట్టిది, ఊగలేదు."

ఆయన్ని సాధువుని చేయడానికి నేనిక్కడ కూర్చోలేదు. లావుపాటి ఆడవాళ్ళ మీద, నలుపు మీద, నత్తి మీద ఆయన రాసిన జోకులు కుప్పలు. కూతురు నాకు ఆ ట్రాకులు అసలు తమిళంలో, మాటలకి అర్థం చెబుతూ చూపించాక, ఒక ఆదివారం కాఫీ దగ్గర పట్టుకున్నాను.

"సార్, మీరే నల్లగా ఉన్నారు. నలుపు మీద అంత నీచమైన జోకు మీరెలా రాశారు?"

"వేరేవాడు రాస్తే ఇంకా నీచంగా రాస్తాడమ్మా. అందుకని నేనే రాసుకున్నా."

"మరి ఆ లావుపాటావిడ?"

"ఆమెకి వేషం కావాల. నాకు నవ్వు కావాల. నువ్వు అది చూసి నవ్వలేదా?"

"నవ్వలేదు."

"అయితే టికెట్ దండగ చేసుకున్నావు పో."

నేను గట్టిగానే అరిచాను. హాస్యం పైవాడి మీద వేయాలి గానీ కిందవాడి మీద కాదని, ఆ సభలూ ఈ సభలూ తిరిగి నేర్చుకున్నదంతా ఏకరువు పెట్టాను. ఆయన మొత్తం విన్నారు. తర్వాత కప్పు కింద పెట్టి, "నీకు కోపం వస్తే వ్యాసం రాస్తావు. నాకు కోపం వస్తే కింద పడతాను. ఎవరి పని వాళ్ళది" అన్నారు. క్షమాపణ చెప్పలేదు. మర్నాడు మాత్రం గిన్నెలో రసం పట్టుకుని దిగి, ఏమీ జరగనట్టు "ఏందమ్మా, ఈపొద్దు ఎవరిని తిడతన్నావు?" అని పలకరించారు.

ఆయనతో నడవడానికి ఒక పద్ధతి ఉండేది. ఎప్పుడూ ఆయన కుడిపక్కనే ఉండాలి. మరిచిపోయి అటుపక్కకి వెళితే "ఇటు రామ్మా, అటుపక్క గోడ" అనేవారు. ట్రాములో కుడివైపు ఖాళీ ఉండే సీటు దొరికే దాకా నిలబడేవారు, అలా నిలబడి మనుషులు ఎలా పడతారో చూసేవారు. బ్రేకు వేసినప్పుడల్లా వాళ్ళకి మార్కులు. "వీళ్ళకి పడటం రాదమ్మా. పడేముందే సారీ చెప్తారు. టైమింగ్ పోతాది." బేకరీలో బ్రెత్సెల్ అనే మెలితిప్పిన రొట్టె కొని, దాని మీది ఉప్పు గోటితో గీకి పావురాలకి వేసేవారు. బీపీ పావురాలకి లేదని ఆయన నమ్మకం. కుర్చీలో ఎప్పుడూ అంచు మీదే కూర్చునేవారు. "హీరో కూర్చుంటే నేను నిలబడాల, హీరో నిలబడితే నేను పడాల. కుర్చీలో వెనక్కి ఆనుకునే షాటు నాకు ఒక్కటి కూడా లేదమ్మా. అలవాటు రాలేదు."

ఆ చెవి సంగతి డాక్టరు దగ్గర బయటపడింది. నెలల తరబడి ఎదురుచూస్తే దొరికిన టెర్మిన్ అది, కూతురికి సరిగ్గా ఆ రోజే సెమినారు. దుబాసీగా నేను వెళ్ళాను. డాక్టరమ్మ గొట్టం పెట్టి చూసింది, దీపం మార్చి మళ్ళీ చూసింది. కర్ణభేరి మీద పాత గాయాల మచ్చలున్నాయి, ఒకదాని మీద ఒకటి, ఇది వయసు వల్ల వచ్చిన చెవుడు కాదు అంది. తర్వాత నా వైపొక చూపు చూసి, నన్ను కాస్త దూరంగా జరగమని, ఆయన్నే నేరుగా ఇంగ్లీషులో అడిగింది. ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా కొడుతున్నారా?

ఆయన చాలా మర్యాదగా జవాబిచ్చారు. "హోమ్ నో, మేడమ్. ఆఫీస్ ఓన్లీ."

ఆమె కలం పక్కన పెట్టింది. ఎవరు?

"హీరోస్, మేడమ్."

ఎందుకు?

"ఫర్ లాఫింగ్."

ఇక నేను కలగజేసుకుని సినిమా, హాస్యం, హీరో అంటూ జర్మన్‌లో వివరించాను. దెబ్బ శబ్దం తర్వాత కలుపుతారు కదా, నిజంగా కొట్టడం దేనికి అని ఆమె ప్రశ్న. అది ఆయనకి తెలుగులో చెప్పాను. "శబ్దం ఎప్పుడైనా కలపొచ్చమ్మా. మొహం అదరడం కలపలేరు కదా. కొందరు హీరోలకి నేచురల్‌గా కావాల. నేచురల్ అంటే మనకి తగలడం." అంతటితో ఆగితే బాగుండేది. ఆగలేదు. లేచి నిలబడి, ఆ చిన్న గదిలో, లేని దెబ్బకి చుట్టు తిరిగి, చేతులు జోడించి వణక్కం పెట్టారు. ఒకే ఒక్క ప్రేక్షకురాలు. అంత బాగా చేయడం నేను ఏ తెర మీదా చూడలేదు. డాక్టరమ్మ నవ్వలేదు. "నాకు చాలా బాధగా ఉంది" అంది.

తిరుగు ట్రాములో, నెకర్ నది మీద వంతెన దాటాక అడిగారు.

"ఏమ్మా, నేను సరిగ్గా చెయ్యలేదా?"

"అద్భుతంగా చేశారు సార్."

"మరి నవ్వలేదే."

"ఆమెకి నొప్పి కనిపించింది సార్."

"నొప్పి కనిపించిందంటే సరిగ్గా చెయ్యనట్టే." ఇంకో స్టాపు గడిచింది. "దెబ్బ లేకుండా నవ్వించిన సీను ఒకటుందమ్మా నాకు. మీవోళ్ళు గేదెని పెట్టారే, ఆ చోటిది."

అలా తెలిసింది నాకు గ్లాసుల సీను. ఊరి టీకొట్టు. చూరుకి ఒక గ్లాసు విడిగా వేలాడుతూ ఉంటుంది, అది ఊరి బయటి వాడవాళ్ళకి. కూలివాడైన ఈయన వస్తాడు. కొట్టువాడు ఆ గ్లాసు తీసి ఇస్తాడు. ఈయన దాన్ని రెండు చేతులా అందుకుని తెగ మురిసిపోతాడు. నాకొక్కడికే సొంత గ్లాసా? ఇంకెవరూ ముట్టరా? పాపం మీరంతా ఒకరి ఎంగిలి ఒకరు తాగుతున్నారే, నాది కలెక్టరు గ్లాసయ్యా! బెంచీల మీది పెద్దమనుషులు ముందు నవ్వుతారు, తర్వాత ఆలోచనలో పడతారు, తర్వాత ఒకడు లేచి నాకూ సొంత గ్లాసు కావాలంటాడు. రెండోవాడు, మూడోవాడు. చూరంతా గ్లాసులే. గాలి వీస్తే గణగణ. ఏది ఎవరిదో కొట్టువాడికి గుర్తుండదు, గొడవలు, పంచాయితీ, చివరికి విసిగిపోయి చేతికందిన గ్లాసులో పోసి చేతికందినవాడికి ఇస్తాడు. ఊరి పెద్ద గ్లాసు ఈయన చేతికి వస్తుంది. కొట్టంతా ఊపిరి బిగబడుతుంది. ఈయన ఒక గుటక తాగి అంటాడు: "చక్కెర తక్కువైంది."

అంతే సీను. ఎవరూ ఎవరినీ కొట్టరు. తమిళంలో హాలు విరగబడి నవ్విందట. కొన్ని ఊళ్ళల్లో తెర మీద రాళ్ళు కూడా వేశారట. రెండూ చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఒకే గర్వం.

"మీ ఊళ్ళో ఇట్లాంటి గ్లాసులు లేవా అమ్మా?"

"ఉండేవి సార్. మా వీధి చివరి హోటల్లోనే ఉండేవి."

"మరి నేటివిటీ కాదన్నారే."

మీ దగ్గర జవాబు ఉన్నా ఆయనకి ఇక చెప్పలేరు.

ఆ సీను తెలుగువాళ్ళ ముందు ఒక్కసారి, తెలుగులో చేయాలని ఆయనకి పట్టుకుంది. ఇక్కడి మన తెలుగు సంఘంవాళ్ళు ఉగాదీ తమిళ సంవత్సరాదీ కలిపి చేస్తారు కదా, దానికి రమ్మని పిలిచినప్పుడు ఆయన పెట్టిన షరతు అదొక్కటే. వాళ్ళు సరేనన్నారు. మా వంటింట్లో రిహార్సల్సు. చూరుకి కట్టడానికి గ్లాసులు కావాలని బిల్డింగులో ప్రతి తలుపూ తట్టి, క్రిస్మస్ సంతల్లో వేడివైన్ తాగి జనం ఇంటికి తెచ్చుకునే కప్పులన్నీ పోగుచేశారు. కింది అంతస్తు ముసలావిడ పెట్టెడు ఇచ్చింది. టీకొట్టువాడి వేషం నాది. నేను టీ పోస్తే ఆయనకి నచ్చేది కాదు.

"కోపంగా పోస్తన్నావమ్మా. కొట్టువాడు చెడ్డోడు కాదు, అలవాటు పడ్డోడు. అలవాటుగా పొయ్యి."

ఎన్ని రోజులు పోసినా నా చేతికి ఆ అలవాటు రాలేదు. ఆఖరికి "సరే, నువ్వు వెనక్కి తిరిగి పొయ్యి, మొహం కనపడకుండా" అని రాజీపడ్డారు.

ఆ సాయంత్రం మీలో చాలామంది హాల్లో ఉన్నారు. ప్రార్థన, పంచాంగం, పిల్లల డాన్సులు, స్పాన్సర్లకి శాలువాలు, శాలువాలు కప్పినవాళ్ళకి శాలువాలు, రాఫెల్ లాటరీ. హాలు కాపలాదారు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడే వేళకి ఆయన పేరు పిలిచారు. నేను కప్పులన్నీ తాడుకి కట్టుకుని తెర వెనక సిద్ధంగా ఉన్నాను. సంఘం అధ్యక్షుడు మైకు తీసుకుని, "సార్, టైమ్ అయిపోయింది, ఏమీ అనుకోవద్దు, మన పిల్లల కోసం ఒక్క దెబ్బ!" అన్నాడు. అధ్యక్షుడు మంచివాడే. ఇలాంటి పనులు ఎప్పుడూ మంచివాళ్ళే చేస్తారు. హాలంతా "దెబ్బ! దెబ్బ!" అంది.

ఆయన తెర వెనక నా వైపు చూశారు. తర్వాత హాలు వైపు చూశారు. నటుడు కదా, ఎదురుగా జనం. చెంప ఇచ్చారు. అధ్యక్షుడి చెయ్యి అసలు తగల్లేదు, గాల్లోనే ఆగింది. ఆయన చుట్టు తిరిగారు, ఈసారి మోకాలు సహకరించలేదు, నిజంగానే పడ్డారు. లేవడానికి మైకు స్టాండు కోసం తడుముకుంటుంటే అది కూడా నటనే అనుకుని మీరు రెండోసారి నవ్వారు. మొదటిసారికంటే గట్టిగా.

దారిలో ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. నేనే అంటూ ఉన్నాను, అందరినీ, కప్పుల పెట్టె మోస్తూ. ఇంటి గుమ్మం దగ్గర అన్నారు. "వచ్చే ఏడు ముందు పెట్టమందామమ్మా. పిల్లల డాన్సులకన్నా ముందు." ఆ వచ్చే ఏడు ఆయనకి రాలేదు.

ఇప్పుడు ఆదివారం సంతాప సభ. సభ ఏర్పాట్లు చూసుకునే కుర్రాడు నిన్న ఫోన్ చేశాడు. క్లాస్తాల్‌లో ఎమ్మెస్ చేసి ఇక్కడ ఉద్యోగంలో చేరినవాడు, పనిమంతుడు, నన్ను అక్కా అంటాడు.

"అక్కా, వీడియో రెడీ. జనం ఏడుస్తూనే నవ్వుతారు చూడండి."

"ఏముంది అందులో?"

"బెస్ట్ ఆఫ్ సార్ అక్కా. అన్నీ హిట్టు దెబ్బలే."

"గ్లాసుల సీను వాళ్ళమ్మాయి నీకు పంపింది కదా. నేను సబ్‌టైటిల్స్ కూడా ఆయన తెలుగులో చెప్పినట్టే రాసిచ్చాను."

"చూశానక్కా. చాలా బాగుంది. కానీ కొంచెం సెన్సిటివ్ కదా."

"ఏది సెన్సిటివ్? టీనా?"

"అది కాదక్కా. ఫ్యామిలీలన్నీ వస్తాయి. సంతాప సభలో కులం గోల ఎందుకని కమిటీలో అన్నారు."

"ఎవరన్నారు?"

"ఒకరని కాదక్కా. అందరూ."

"మరి దెబ్బలు సెన్సిటివ్ కాదా?"

"అవి కామెడీ కదక్కా."

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఆయన చెప్పిన టీకొట్టువాడిలాగే అలవాటుగా పోస్తున్నాడు. మొదటిసారి నేటివిటీ పేరు చెప్పి కత్తిరించారు. రెండోసారి టైమ్ లేదని కత్తిరించారు. మూడోసారి, మనిషి పోయాక, మర్యాద పేరు చెప్పి కత్తిరిస్తున్నారు. కూతురికి చెబితే "వదిలెయ్ అక్కా, నాకు ఓపిక లేదు" అంది. ఆ అమ్మాయికి వదిలేసే హక్కుంది. నాకూ ఓపిక లేదు. అయినా వదలను. మీకు నా మీద చిరాకు కలగొచ్చు, కలగనివ్వండి, నేను దానికి అలవాటు పడినదాన్నే.

మిమ్మల్ని నేను అడిగేవి ఇవి.

1. ఆదివారం సభలో దెబ్బల వీడియో వేయకూడదు. దండ వేసిన ఫొటో ముందు ఒక మనిషిని కొట్టకూడదు.

2. గ్లాసుల సీను మొత్తం వేయాలి. మొదటి నుంచి, "చక్కెర తక్కువైంది" దాకా.

3. దాన్ని ఉపన్యాసాలకన్నా ముందు వేయాలి. టైమ్ చాలకపోతే ఉపన్యాసాలు తగ్గించాలి.

4. అధ్యక్షుడు "ఆయన్ని వేదిక మీద కొట్టే అదృష్టం నాకు దక్కింది" అని చెప్పుకోకూడదు.

5. సభలో ఎవరికైనా నవ్వొస్తే నవ్వాలి. సంతాప సభ అని ఆపుకోకూడదు. ఆయన ఆ సీను రాసింది నవ్వించడానికే.

6. మీ ఫోన్లోకి వచ్చిన దెబ్బని ఇంకొకరికి పంపకూడదు. మీ దగ్గర ఆగిపోవాలి.

7. ఈ వేసవి సెలవులకి మీరంతా ఊరికి వెళ్తారు. మీ అమ్మగారింట్లోనో అత్తగారింట్లోనో, వెనక వరండాలో, వాషింగ్ మెషీన్ పక్క గూట్లో ఒక స్టీలు గ్లాసు విడిగా బోర్లించి ఉంటుంది. పనావిడది. దాన్ని కడిగి లోపలికి తెచ్చి మిగతా గ్లాసుల మధ్య పెట్టండి. ఏది ఎవరిదో తెలియకుండా కలిపెయ్యండి.